మూడు నాలుకల వైన్

జనవరి జలుబు ఊళ్లో అందరికీ వచ్చింది, అందరికీ పోయింది. ఒరెస్తేకి మాత్రం పోతూ పోతూ ముక్కును కూడా వెంటబెట్టుకుపోయింది. ముక్కు అంటే, ఆ పొడుగాటి ముక్కు ముఖం మధ్యన ఎప్పట్లాగే దర్జాగా ఉంది; దాని పనే పోయింది. వాసన అన్నది లేదు. నాలుకకి దూది చుట్టినట్టుంది. చేతిలో ఉన్నది ఉల్లిపాయో ఆపిల్ పండో కొరికే ముందు కళ్లతో చూసి తేల్చుకోవాల్సిన గతి పట్టింది.

ఇంకెవరికైనా ఇలా జరిగితే అయ్యో పాపం అని ఊరుకునేవాళ్లం. ఒరెస్తే సంగతి అలా కాదు. మా ఊరు కాస్తెల్ మొరాండోలో పదకొండు కుటుంబాల ద్రాక్షతోటలకు కలిపి ఒక సంఘం ఉంది. ఆ సంఘానికి ఇరవై ఏడేళ్లుగా ఎర్ర వైన్ కలిపి ఇచ్చేది ఆయనే. మా వాల్పొలిచెల్లా లోయలో ఒకే రకం ద్రాక్షతో వైన్ చేసేవాణ్ణి, ఒకే కూరతో పెళ్లి భోజనం పెట్టినవాణ్ణి చూసినట్టు చూస్తారు. కొర్వీనా ద్రాక్ష ఉండాలి. వైన్‌కి నడుం అదే, చెర్రీ పండు వాసనంతా దానిదే, పొగరు కూడా దానిదే. రొండినెల్లా ఉండాలి. రంగిచ్చేది అది, ఎండ కాసినా వాన కురిసినా తెగులొచ్చినా పల్లెత్తు మాట అనదు. ఇక మిగిలింది మొలినారా. పాలిపోయిన రంగు, తొక్క మీద పిండి జల్లినట్టుంటుంది, రసం పలచన, కాస్త ఉప్పన. దాన్ని వెక్కిరించనివాడు మా లోయలో లేడు. ఈ మూడింటినీ వేర్వేరు పీపాల్లో ఉంచి, ఆరబెట్టిన ద్రాక్షతో చేసిన చిక్కటి వైన్‌ని మరో చిన్న పీపాలో ఉంచి, మార్చి నెలలో ఏది ఎంతో తేల్చి కలుపుతారు. ఆ తేల్చడమే ఒరెస్తే పని.

ఆ పనిలో ఆయన ఎవరి మాటా వినేవాడు కాదు. పీపాల మీద సుద్దముక్కతో పేర్లు రాస్తానంటే, అది ముక్కు లేనివాళ్లు చేసే పని అనేవాడు. ఎవరైనా ఒక చుక్క రుచి చూసి సలహా ఇవ్వబోతే, వైన్ కలపడం పంచాయితీ కాదు, ఒక్క ముక్కు చాలు అని ముఖం మీదే చెప్పేవాడు. ఇరవై ఏడేళ్లు ఆ ఒక్క ముక్కూ సంఘాన్ని నడిపించింది. అందుకే అది పోయినప్పుడు ఆయన వణికిపోయాడు.

వణకడానికి కారణం ఉంది. సాన్ జుసెప్పే పండగనాడు, మార్చి పంతొమ్మిదిన, సంఘం భోజనం. ఆ రోజు కొత్త వైన్ పదకొండు కుటుంబాల పెద్దలకీ పోస్తారు. నచ్చనివాళ్లు నోరెత్తరు, తాగి గ్లాసు బోర్లిస్తారు, అంతే. ఆరు గ్లాసులు బోర్లాపడ్డాయంటే కలిపేవాడు మారతాడు. అధ్యక్షుడు అదెల్మో అప్పటికే వెరోనా పట్నంలో ఒక నిపుణుణ్ణి చూసి పెట్టాడు. బూట్లకి మట్టి అంటని మనిషి; ఏ ఊరి ద్రాక్ష ఇచ్చినా ఒకేలాంటి మెత్తటి వైన్ చేసి పెడతాడని పేరు. ఒరెస్తేకి పిల్లల్లేరు, తోట కూడా చారెడంత. పీపాలుండే సంఘం నేలమాళిగ తాళం చెవి ఒక్కటే ఆయన ఆస్తీ, పరువూ, పొద్దున్నే మంచం దిగడానికి ఒక సాకూ.

భార్య ఎల్వీరాకి మాత్రం వారం తిరక్కుండానే దొరికిపోయాడు. పొయ్యి మీద మొక్కజొన్న సంకటి అడుగంటి ఇల్లంతా పొగ కమ్మితే, ఈయన బల్ల దగ్గర కూర్చుని ఈ రోజు వంట ఘుమఘుమలాడుతోంది అన్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని వచ్చి ఎదురుగా నిలబడింది.

"మాడు వాసన చర్చి దాకా పోయింది. నీ ముక్కు దాకా రాలేదా?"

తేలు కుట్టిన దొంగలా కాసేపు నసిగి, ఇక లాభం లేదని అంతా చెప్పేశాడు. సంఘానికి చెప్పేయమంది ఆవిడ. చెబితే మర్నాడే వెరోనావాడు దిగుతాడన్నాడు. పోనీ నేను రుచి చూసి చెప్పనా అంది. ఆయన ఆవిడ వంక జాలిగా చూశాడు. ఎల్వీరా పుట్టిల్లు సొవావే వైపు, తెల్ల వైన్ వాళ్ల ఊరు. ముప్ఫై నాలుగేళ్ల కాపురంలో ఎర్ర వైన్‌ని ఆవిడ సిరా అని తప్ప ఇంకో పేరుతో పిలవలేదు. సిరాలో మంచి సిరా ఏదో నువ్వేం చెబుతావే అన్నాడు. అదీ నిజమేననుకుని మాడిన గిన్నె నానబెట్టుకోవడానికి వెళ్లిపోయింది.

ఒరెస్తేకి ఉపాయం తట్టింది నోర్మా బార్లో. రోజూ సాయంత్రం నాలుగింటికి అక్కడ పేకాట. ఆడేది ముగ్గురే. ఒరెస్తే, బస్సు డ్రైవర్‌గా రిటైరైన తార్చీసియో, చర్చి ఫాదర్ దోన్ ఎలీజియో. బల్ల పక్కన నిలబడి ముగ్గురి తప్పులూ ఎంచేది బార్ యజమాని నోర్మా. ఆ రోజు తార్చీసియో ఎప్పట్లాగే గ్లాసు ఎత్తి ఒక గుక్క తాగి, ఇది వైన్ కాదు వెనిగర్ అన్నాడు. అతను నలభై ఏళ్లుగా అనే మాటే అది. కాఫీలో మూడు చెంచాల చక్కెర వేసుకుని, అది కూడా పుల్లగా ఉందనే మనిషి. ఒరెస్తే ఆ మాట ఏనాడూ చెవిన పెట్టలేదు. ఆ రోజు పెట్టాడు.

తార్చీసియో వెనిగర్ అన్నాడంటే వైన్‌లో పులుపు ఉండాల్సినంత ఉందన్నమాట. తాగొచ్చు అన్నాడంటే అది చప్పబడిపోయిందన్నమాట. ఫాదర్‌కి తీపి ప్రాణం. ఆయన తాగి కళ్లు మూసుకుని దేవుడు మంచివాడు నాయనా అన్నాడంటే ఆరబెట్టిన ద్రాక్ష వైన్ ఎక్కువైందని అర్థం. నోర్మా అయితే మాటే అనక్కర్లేదు. ఒక గుక్క తాగి ఉప్పుమాంసం సలామీ ముక్కకోసం చెయ్యి చాపిందంటే వైన్‌లో ప్రాణం ఉంది. నీళ్ల గ్లాసుకోసం చాపిందంటే వగరెక్కింది. ఇన్నాళ్లూ పనికిమాలిన నాలుకలని కొట్టిపారేసినవి మూడూ మూడు తూకపు రాళ్లలా కనిపించాయి ఆయనకి.

మర్నాటి నుంచి ఒరెస్తే సీసాల్లో నమూనాలు కలిపి బుట్టలో పెట్టుకుని బార్‌కి రావడం మొదలుపెట్టాడు. ఊరికే తెచ్చాను, మిగిలిపోయింది, పారబోయలేక తెచ్చాను అని రోజుకో అబద్ధం. వాళ్లు తాగేవారు, తిట్టేవారు. ఈయన పట్టనట్టు పేక కలుపుతూ అన్నీ మనసులో రాసుకునేవాడు. ఇంటికెళ్లి కొర్వీనా కొంచెం తగ్గించి, చిక్కటి వైన్ ఒక చెంచా పెంచి మర్నాటికి ఇంకో సీసా తయారుచేసేవాడు. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతోందని ఎల్వీరా రోజూ దెప్పుతూనే ఉంది. ఈయన మాత్రం మహా సంతోషంగా ఉన్నాడు. ఫిబ్రవరి సగం అయ్యేసరికి తిట్లు తగ్గడం మొదలైంది. నెలాఖరుకి మెచ్చుకోళ్లు కూడా వినిపించాయి. ముక్కు లేకపోయినా చెయ్యి తిరిగినవాణ్ణి కదా అని తనలో తాను మురిసిపోయాడు.

మార్చి పదో తారీకున ఇంకో నమూనా తీసుకుపోయాడు. ఇదే ఆఖరుది, దీన్నే ఖాయం చేయాలనుకున్నాడు. ముగ్గురూ తాగారు. నోర్మా గొంతు సవరించుకుని బాగుంది బాబాయ్ అంది. ఫాదర్ కిటికీలోంచి బయటికి చూస్తూ ఫరవాలేదు నాయనా అన్నాడు. తార్చీసియో కళ్లలో నీళ్లు తిరిగాయి. గ్లాసు కింద పెట్టి, "బాగుందిరా. చాలా బాగుంది" అన్నాడు. ఒరెస్తే ఉప్పొంగిపోయాడు. నలభై ఏళ్ల స్నేహంలో వాడి నోట బాగుంది అన్న మాట రావడం అదే మొదలు. కళ్లనీళ్లు కూడా పెట్టుకున్నాడు పాపం అనుకుంటూ, మిగిలిన సగం సీసా బుట్టలో పెట్టుకుని ఈల వేస్తూ ఇంటికొచ్చాడు.

ఎల్వీరా ఆకుకూర కడిగి పెట్టుకుని అలమారా అంతా వెతుకుతోంది.

"నా వెనిగర్ సీసా చూశావా? పొద్దున ఇక్కడే పెట్టాను."

చూడలేదన్నాడు. ఆవిడ బుట్టలోకి తొంగిచూసి సీసా తీసి బిరడా లాగి వాసన చూసింది.

"ఇదిగో, నీ దగ్గరే ఉంది. సగం ఏం చేశావయ్యా?"

ఆయన అసలు నమూనా అలమారాలో, వెనిగర్ ఉండే చోట, బుద్ధిగా కూర్చుని ఉంది. రెండూ ఒకే రకం సీసాలు. దేనిమీదా పేరు లేదు. పేర్లు రాసుకోవడం ముక్కు లేనివాళ్ల పని కదా మరి.

ఒరెస్తే కుర్చీలో కూలబడ్డాడు. ఆయన్ని కుదేలు చేసింది సీసా మారిపోవడం కాదు. ఎంత మంచి వైన్ పోసినా వెనిగర్ అన్న తార్చీసియో, నిజంగా వెనిగర్ పోస్తే బాగుంది అన్నాడు. ఎందుకన్నాడు? ఫాదర్ ఎందుకు కిటికీ వైపు చూశాడు? అంటే వాళ్లకి తెలుసు. ముగ్గురికీ తెలుసు. తన మీద జాలిపడి, కళ్లలో నీళ్లు తిరుగుతున్నా వెనిగర్ మింగి మెచ్చుకున్నారు. పోనీ ఇది ఈ రోజు సంగతేనా? తిట్లు ఎప్పటి నుంచి తగ్గాయి? అవి తగ్గింది వైన్ బాగుపడినందుకా, తను చెడినందుకా? మనసులో రాసుకున్న లెక్కలన్నీ ఒక్క దెబ్బతో కొట్టుకుపోయాయి. భోజనానికి తొమ్మిది రోజులే ఉంది. సిగ్గుతో ఆయన చెవులు కాలిపోయాయి. ఎల్వీరా ఆ రోజు దెప్పలేదు. దెప్పకపోయేసరికి ఆయనకి ఇంకా భయం వేసింది.

మర్నాడు సాయంత్రం దాకా ఆగలేక పొద్దున పదింటికే బార్‌కి వెళ్లాడు. తార్చీసియోనీ ఫాదర్‌నీ పిలిపించాడు. వాళ్లు వచ్చి కూర్చున్నాక, నాకు వాసన తెలియదు, రుచీ తెలియదు, జనవరి నుంచి అంతే అన్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. తార్చీసియో బల్ల మీద లేని దుమ్ము దులిపాడు.

"మాకు తెలిసి మూడు వారాలైందిరా. నోర్మా గ్యాస్ కట్టేయడం మర్చిపోయిన రోజు గుర్తుందా? ముక్కులు మూసుకుని అందరం బయటికి పరిగెత్తాం. నువ్వొక్కడివే కూర్చుని పేకముక్కలు పంచుతున్నావు."

"ముగ్గురికి పంచాడు," అని నోర్మా అందుకుంది. "లోపల ఒక్కడే ఉన్నాడు."

ఆ రోజు నుంచి తిట్టబుద్ధి కాలేదని తార్చీసియో ఒప్పుకున్నాడు. చూపు పోయినవాణ్ణి తోసినట్టుంటుందని నోరు కట్టేసుకున్నాడట. ఫాదర్ అయితే మూడు వారాలుగా ఆడిన అబద్ధాలకి పక్కూరు వెళ్లి అక్కడి ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకుని వచ్చాడట. ఇదంతా విని ఒరెస్తే కరిగిపోతాడనుకున్నారు వాళ్లు. ఆయన భగ్గుమన్నాడు.

"ఒరే దుర్మార్గుడా, నీ జాలి నా కొంప ముంచిందిరా! నీ తిట్లు చూసుకునే నేను వైన్ కలుపుతున్నా. నలభై ఏళ్లు అడక్కుండా తిట్టావు కదా, ఇప్పుడు కావాల్సొస్తే నోరు కట్టేసుకుంటావా? తిట్టు. నిజం చెప్పి తిట్టు. ఫాదర్ గారూ, మీరు కూడా."

 తార్చీసియో చొక్కా చేతులు మడిచి, ఎక్కణ్ణుంచి మొదలుపెట్టమంటావు అని అడిగాడు.

ఆ పూట నోర్మా బార్లో జరిగింది చూడాలి. ఒరెస్తే అసలు నమూనా తెచ్చి పోశాడు. మూడు వారాల బాకీ అంతా తార్చీసియో ఒక్కసారే తీర్చాడు. ఇది వైన్ కాదు, పెళ్లికి కుట్టించుకున్న బిగుతు కోటు అన్నాడు. మా బస్సు టైరు దీనికన్నా మెత్తగా ఉండేదన్నాడు. ఫాదర్ మొహమాటపడుతూనే, నాయనా ఇది తాగితే ఉపవాసం గుర్తొస్తోంది అన్నాడు. ఒరెస్తే సుద్దముక్క తీసుకుని, అవునండీ, సుద్దముక్కే, ప్రతి మాటా బల్ల మీద రాసుకున్నాడు. నోర్మా మాత్రం చేతులు కట్టుకుని మాట్లాడకుండా నిలబడింది. నువ్వు కూడా చెప్పమ్మా అన్నాడు.

"చెబితే నొచ్చుకుంటావు బాబాయ్."

"నొచ్చుకోవడానికే వచ్చాను, కానీ."

"ఈ ఒక్క ఏడు సంగతి కాదు. ఎప్పుడూ అంతే. నీ వైన్‌కి ఇక్కడ అందరూ దణ్ణం పెడతారు. ఒక గ్లాసు తాగి ఆహా అంటారు. రెండో గ్లాసుకి మాత్రం పక్కూరు వైన్ అడుగుతారు."

 ఒరెస్తే ముఖం కందగడ్డలా అయింది. ఇరవై ఏడేళ్ల గొప్పని ఆ పిల్ల రెండు ముక్కల్లో తేల్చేసింది. లేచి వెళ్లిపోదామనుకున్నాడు కూడా. కానీ లేస్తే ఎక్కడికి? ఇంటికెళితే ముక్కు లేదు, నేలమాళిగకెళితే నాలుక లేదు. ఉన్నవి ఈ మూడు నాలుకలే. సుద్దముక్క మళ్లీ చేతిలోకి తీసుకుని, అయితే ఏం తక్కువైందంటావు అని అడిగాడు. నాకేం తెలుసు బాబాయ్, తాగుతుంటే సలామీ గుర్తుకు రావడం లేదు, పొగరు తప్ప ఇంకేం తగలడం లేదు అంది నోర్మా.

పొగరంటే కొర్వీనా. సలామీ గుర్తుకు రావాలంటే ఉప్పదనం కావాలి, తేలిక కావాలి. ఒరెస్తేకి అర్థమైంది, ఒప్పుకోవడానికే ప్రాణం పోయినట్టయింది. మొలినారా! నూటికి రెండు పాళ్లు, అదీ తాతల నాటి ఆచారమని, మొక్కుబడికి వేసే మొలినారా. ఆ మధ్యాహ్నమే దాన్ని ఐదు చేసి తెచ్చాడు. నోర్మా చెయ్యి కదల్లేదు. మర్నాడు ఏడు చేశాడు. నీళ్లు కలిపావా అని తార్చీసియో గొడవ, ఇప్పుడే గొంతు దిగుతోందని ఫాదర్ వాదన. చిక్కటి వైన్ ఇంకో చెంచా వేయమని ఫాదర్, వేస్తే పేకాట మానేస్తానని తార్చీసియో. ఇద్దరూ ఒకరి మీద ఒకరు లేచారు. ఒకరి మాట నెగ్గితే వైన్ చెడేది, ఇద్దరూ కాస్త ఓడిన చోట బాగుపడేది. ఒరెస్తే ఆ ఓడే చోటు వెతుక్కుంటూ ఐదు రోజులు తిరిగాడు. వైన్ కలపడం పంచాయితీ కాదన్న మనిషి రోజూ పంచాయితీ పెట్టించి మధ్యన కూర్చున్నాడు. ఆరో రోజున తార్చీసియో ఒక గుక్క తాగి, వెనిగర్ అని, ఇంకో గుక్క తాగి, వెనిగరే అని, గ్లాసు మళ్లీ ముందుకి జరిపాడు. నోర్మా మాట్లాడుతూ మాట్లాడుతూ, తనకే తెలియకుండా సలామీ కోయడానికి కత్తి తీసింది.

పండగనాడు పదకొండు కుటుంబాలూ సంఘం హాల్లో కూర్చున్నాయి. వెరోనా నిపుణుణ్ణి అదెల్మో అతిథిగా పిలిచి పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. వైన్ పోశారు. ఒరెస్తే తన గ్లాసు ముట్టలేదు, ముట్టి ఏం లాభం? అందరి చేతుల వైపే చూస్తూ కూర్చున్నాడు.  ఒక్క గ్లాసు బోర్లాపడలేదు. అంతకన్నా వింత ఏమిటంటే, అదెల్మో ఉపన్యాసం అయ్యేలోపే జగ్గులు ఖాళీ అయ్యాయి. అదెల్మో చెల్లెలు ఇంకా లేదా అని అడిగింది. నిపుణుడు కూడా గ్లాసు చాపాడు. ఇందులో కిటుకేమిటని అదెల్మో అడిగితే, తార్చీసియోని అడుగు అన్నాడు ఒరెస్తే. పుల్లగా ఉంది అని తార్చీసియో మూడో గ్లాసు పోసుకున్నాడు. ఇంటికెళ్లే దారిలో ఎల్వీరా చెయ్యి పట్టుకుని, నీకు ముక్కున్నప్పటికన్నా బాగుందంటున్నారయ్యా ఊళ్లో అంది. సంతోషించాల్సిన మాటే. ఒరెస్తే రెండు రోజులు మూతి ముడుచుకున్నాడు.

మే నెలలో ఒక ఉదయం, గడ్డం గీసుకుంటుండగా సబ్బు వాసన వచ్చింది. మొదట నమ్మలేదు. సబ్బు ముక్కు దగ్గర పెట్టుకుని గట్టిగా పీల్చాడు. గబగబా వంటింట్లోకి వెళ్లి కాఫీ డబ్బా తెరిచాడు, ఉల్లిపాయ తరిగాడు, ఎల్వీరా వెనిగర్ సీసా వాసన చూసి ఉక్కిరిబిక్కిరయ్యాడు. అప్పుడు కొత్త వైన్ సీసా తీశాడు.  ఈ ఏడు తను కలిపిన వైన్‌ని రుచి తెలిసి తాగడం అదే మొదటిసారి.

చెర్రీ వాసన ముందొచ్చింది, కానీ ఎప్పట్లా మీదపడి అరవలేదు. వెనకే తార్చీసియో పులుపు. ఆ వెనక ఎక్కడో అడుగున ఫాదర్ గారి తీపి. మింగాక నాలుక అంచున సన్నటి ఉప్పదనం, ఇంకో గుక్క తాగమన్నట్టు. ఒరెస్తే తాగాడు. నిజంగానే బాగుంది. తను ఇరవై ఏడేళ్లలో చేసినవాటన్నిటికన్నా బాగుంది. కడుపు మండింది. ఆ మంట తగ్గాక ఎందుకో ఏడుపొచ్చింది. రెండో గ్లాసు పోసుకుని కూర్చున్నాడు.

పెరట్లోంచి వచ్చిన ఎల్వీరా తరిగిన ఉల్లిపాయనీ, తెరిచిన డబ్బాలనీ, సగం గీసిన గడ్డాన్నీ చూసింది. ఆవిడకి చెప్పనక్కర్లేకపోయింది.

"వచ్చిందా?"

తల ఊపాడు.

"అయితే పద, నోర్మా దగ్గర చెప్పి వద్దాం. వాళ్లు ఎంత సంతోషిస్తారో!"

ఒరెస్తే ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని ఆపాడు.

"వద్దే, నీకు పుణ్యముంటుంది. చెబితే వచ్చే ఏడు నన్నొక్కణ్ణే కలపమంటారు."